214 కాదు, 217

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు నన్ను తిరుపతిలో ఒక కేబుల్ సంస్థ కంట్రోల్ రూమ్‌కు షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేశారు. మేడమీది డిష్‌లు పట్టిన సిగ్నళ్లను ఒకచోట చేర్చి, ఒక్కో చానెల్‌కు ఒక నంబరు వేసి, చుట్టుపక్కల ఊళ్లకు పంపే గది అది. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు, నా బల్ల మీద ఫిర్యాదుల ఫోను. ఫలానా ఆట ఏ నంబరులో వస్తుందని అడిగినవాళ్లకు చెప్పడం కూడా మా పనే. దానికో పద్ధతి ఉంది. ముందు ప్రోగ్రామ్ గైడ్‌లో ఆట పేరు చూడాలి. తర్వాత గోడకున్న మానిటర్‌లో ఆ చానెల్ పెట్టి, తెర మూలన 'లైవ్' అని ఉందో లేదో చూడాలి. గైడ్ చానెళ్లవాళ్లు పంపేది. పాత ఆట మళ్లీ వేసినా అందులో అదే పేరు ఉంటుంది.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, నగరి నుంచి మరమగ్గాలు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడులో ఆయన గొంతు సరిగ్గా వినపడలేదు.

"సార్, ఆడోళ్ల ఫుట్‌బాల్ ఏ నంబర్లో వస్తాది? మా పాప ఆడతా ఉండాది. పెద్ద ఆట ఆడడం ఇదే మొదలు" అన్నాడు.

రాష్ట్ర జట్ల పోటీ అది. అదే సమయంలో క్రికెట్ బొమ్మ ఆగిపోయి, ఇంకో లైను మోగుతూనే ఉంది. గైడ్‌లో ఆ రెండు జట్ల పేర్లూ 214లో కనిపించాయి. 214 అని చెప్పేశాను. మానిటర్ వైపు చూడలేదు. "మగ్గాలు ఆపండప్పా" అని ఆయన కేకవేయడం, చప్పుడు ఆగిపోవడం ఫోన్లో విన్నాను.

మూడో రోజు ఆయనే మళ్లీ చేశాడు. ఆటల చానెళ్లు తీసేయమన్నాడు. తీసేయాలంటే ఫారంలో కారణం రాయాలి కాబట్టి అడిగాను.

"మా పాప ఆడనే లేదు సార్. వీధంతా కూర్చోని చూసినాము. అది మాత్రం మొత్తం ఆడినానని అబద్ధం చెప్తా ఉండాది. నిన్న పోయి జట్టు క్యాంపు నుంచి తోడుకొచ్చేసినా."

అనుమానం వచ్చి ఆ ఆదివారపు గైడ్ తీస్తే అవే పేర్లు 217లోనూ ఉన్నాయి. ఆయన్ని లైన్లో ఉంచి, ఇంకో లైన్లో చానెల్‌వాళ్లను అడిగాను. 214లో వచ్చింది అవే జట్ల నిరుటి ఆట. అసలుది 217లో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నా కండ్లతో చూసినానే సార్" అన్నాడు. "ఈ మాట పాపకు మీరే చెప్పండి" అని ఫోన్ ఆ పిల్లకిచ్చాడు.

తప్పు నాదని చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే. "మరి ఏ నంబర్లో వచ్చింది సార్?"

చెప్పాను. "నాయనా, 217 అంట" అంది. ఆయన ఏమన్నాడో మగ్గాల చప్పుడులో వినపడలేదు.

క్యాంపు శిక్షకుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె స్థానంలో అప్పటికే ఇంకొకరిని తీసుకున్నామని, ఇక మార్చే వీల్లేదని అన్నాడు. ఆ ఆట రికార్డింగ్ కావాలని చానెల్‌కు రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఫారంలో కారణం దగ్గర 'చందాదారు కోరిక' అని రాశాను. నిజం రాసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. తెర చూడకుండా నంబరు చెప్పకూడదు. ఈ మాటే పెద్ద అక్షరాలతో నా బల్ల ఎదుట గోడకు అంటించి ఉండేది. చేరిన వారంలోనే, టెక్నీషియన్ల కోసమని, దాన్ని అక్కడ అంటించింది నేనే.