పసుపు చొక్కాలో బిందె

జట్టులో అతన్ని అందరూ ‘బిందె’ అనేవారు. సైకిల్ పందెంలో వెనకాల వచ్చే జట్టు కారు దగ్గరికి వెళ్ళి, చొక్కా నిండా నీళ్ళ సీసాలు కుక్కుకుని, ముందున్నవాళ్ళకి మోసుకెళ్ళడం అతని ఉద్యోగం. గెలుపంటే అతనికి పక్కింటి వంట వాసన లాంటిది.

అలాంటివాడికి నిన్న పసుపు చొక్కా వచ్చిపడింది. బిందెతో పాటు అనామకులు కొందరు ముందుకి ఉరికితే, పెద్దవాళ్ళు ‘పోనీలే, వీళ్ళెంత’ అని వదిలేశారు. తీరా లెక్క చూస్తే, ఇన్నిరోజుల పందెంలో అందరికన్నా తక్కువ సమయం బిందెదే! గుట్టలెక్కే మొనగాడికి ఎర్రచుక్కల చొక్కా, ముగింపు గీతల దగ్గర దూకుడుగాడికి ఆకుపచ్చది, మొత్తం లెక్కలో ముందున్నవాడికి పసుపుది.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. బట్టలు కుట్టే మనిషి, మాట కత్తెర. “టీవీలో ఎప్పుడు చూసినా నీ వీపేరా. ఇవాళ కొట్టు మూసి గీత దగ్గర నిలబడతా. ఆ చొక్కాతోనే రా.”

దాంతో గుండెల్లో రాయి పడింది. భయానికి నోరెండింది, నోరెండితే నీళ్ళు తాగాడు, తాగిన నీళ్ళు ఊరుకుంటాయా?

పసుపు చొక్కా ఆ పనికి ఆగితే గుంపంతా నెమ్మదించాలి, ఎవరూ ఉరకకూడదు. ఎక్కడా రాసిలేని మర్యాద అది. పెద్దపెద్దవాళ్ళకి జరగడం బిందె కళ్ళారా చూశాడు. కానీ తనకి?

పందెం మధ్యలో పక్కకొచ్చిన జట్టు పెద్ద అడిగాడు. “ఏరా, సీటు మీద ఆ గెంతులేంటి? ఆగొచ్చుగా.”

“ఆగితే వదిలేసి పోతారన్నా.”

“పసుపు చొక్కా నీ ఒంటి మీదేగా ఉంది?”

“చొక్కా సరేనన్నా, లోపలున్నది నేనే కదా!”

ఇంకో గుట్ట ఎక్కాక ఓర్చుకోలేకపోయాడు. దేవుడి మీద భారం వేసి, రోడ్డు పక్క గోడ దగ్గర దిగాడు. దిగాడే గానీ, భయానికి చుక్క రాదు! చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. చక్రాల రొద తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది.

‘వెళ్ళిపోయారు. అక్కకి ఏ ముఖం చూపించను?’ వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

“కానివ్వవయ్యా, కాళ్ళు చల్లబడుతున్నాయి!” అన్నారెవరో.

తల తిప్పాడు. గోడ పొడుగునా మనుషులే. ఎర్రచుక్కలతను, ఆకుపచ్చతను, నిన్న ‘వీళ్ళెంత’ అన్నవాళ్ళు. దిగినవాళ్ళు దిగగా, మిగతావాళ్ళు సైకిళ్ళ మీద వాలి ఆవులిస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాడు గానీ పని జరిగింది.

ఆ తేలికలో ఒళ్ళు మరిచి, అలవాటుగా జట్టు కారు దగ్గరికి పోయి సీసాలు కుక్కుకున్నాడు. “పసుపు చొక్కా నీళ్ళు మోస్తుందిరోయ్!” అని గుంపంతా గొల్లున నవ్వింది. చివరి గుట్ట మీద మళ్ళీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, గుంపు తోక పట్టుకుని గీత దాటాడు. చొక్కా దక్కింది.

అక్క కంచె మీంచి వంగి రెక్క పుచ్చుకుంది. “ఇక్కడ ఇంత పెద్ద తెర పెట్టారు. ఇవాళా నీ వీపేరా చూపించింది, అదీ గోడ దగ్గర! ఇటు తిరుగు, ముందువైపు చూడనీ.”

తిరిగాడు. పంచడం మరిచిన సీసాలు రెండు గొంతు కింద ఉబ్బెత్తుగా ఉన్నాయి.