ఆకలి గీత

“పిన్నీ, గిన్నె కనిపిస్తే చాలు, మా పాప నా ఒళ్ళోంచి జారి పారిపోతోంది. ఇలా తినకపోతే ఏమైపోతుందో!”

“డాక్టరుకి చూపించావా?”

“బరువు బాగానే ఉందన్నారు.”

“మరి ఆ మొహమేంట్రా, పిడుగు పడ్డట్టు?”

పిన్ని మా అమ్మ చెల్లెలు. సువాసనల ఫ్యాక్టరీలో బ్యాక్టీరియా ట్యాంకు చూసుకుంటుంది. తవుడులోంచి తీసిన పదార్థాన్ని మేతగా వేస్తే ఆ సూక్ష్మజీవులు దాన్ని వెనిల్లా పరిమళంగా మారుస్తాయి. గాజు పాత్రలు కడిగే పనిలో చేరిన మనిషి, ఇప్పుడు ఆమె సరే అనందే ట్యాంకులోకి చుక్క వెళ్ళదు. ఆమె బస్సెక్కితే కండక్టరు “ఐస్‌క్రీమ్ బండి వచ్చింది, జరగండి” అంటాడు. అలవాటైపోయి ఆ వాసన ఆమె ముక్కుకే తెలియదు. అందుకే ట్యాంకులో ఆక్సిజన్ ఎంతుందో చూపే తెరమీది గీతను నమ్ముకుంటుంది.

నేను చదివిందీ జీవరసాయనమే. బ్యాక్టీరియా తింటున్నంతసేపూ ట్యాంకులోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి, గీత కిందనే ఉంటుంది. మేత అయిపోగానే పైకి లేస్తుంది. పిన్ని దాన్ని ఆకలి గీత అంటుంది.

ట్యాంకు కొత్తగా చేతికొచ్చినప్పుడు మాత్రం ఆమెకు ఆ గీతమీద గురి కుదరలేదు. పరిమళం ఆలస్యమవుతోందని, గీత లేవకముందే మేత పోసింది. ఎక్కువైతే ఆ మేతే వాటికి విషం. అవి నీరసించాయి. నీరసించాయని ఇంకాస్త పోసింది. చివరికి ట్యాంకంతా పారబోయాల్సి వచ్చింది.

“తిట్టారా?”

“తిట్టకుండా ముద్దు పెట్టుకుంటారా? ‘పాపం, ఆకలేమో’ అనుకుంటూ పోశాన్రా. చేతులు ఊరుకోలేదు, అంతే.”

వంటింటి బల్ల కింద పాప చెంచాతో నేల కొడుతోంది. దాని గిన్నె నా చేతిలోనే ఉంది. పిన్ని దాన్ని లాక్కుని పక్కన పెట్టి, తన పళ్ళెంలో అన్నం కలుపుకుని తినసాగింది. కాసేపటికి పాప పాక్కుంటూ వచ్చి ఆమె మోకాలు పట్టుకుని లేచి నోరు తెరిచింది. నేను గబుక్కున గిన్నె అందుకోబోయాను.

“కూర్చో!” అంది పిన్ని, పాప నోట్లో చిన్న ముద్ద పెడుతూ.

“మీ ట్యాంకుకైతే గీత ఉంది. దీనికేముంది పిన్నీ?”

“నోరుంది కదరా! గిన్నె పట్టుకుని వెంటపడకు. పక్కన కూర్చుని నీ అన్నం నువ్వు తిను. తెరిస్తే పెట్టు, మూస్తే ఊరుకో.”

ఇప్పుడు రోజూ పాప పక్కన కూర్చుని నా అన్నం నేను తింటున్నాను. పాప నోరు తెరవకముందు తినే నా మొదటి ముద్ద మాత్రం ఇంకా కష్టంగానే దిగుతోంది.