బావ చొక్కా మీద కుంకుమ

"పాత కారుకి వాహన పూజేటి?" అని గుడి ముందే నవ్వాడు మా అక్క భర్త. ఉక్కునగరం నుంచి దువ్వాడ వెళ్ళేలోపే వేడెక్కి ఆగిపోయే మా ముప్పయ్యేళ్ళ కారుకి, రేడియేటర్‌ దగ్గర కరెంటు ఫ్యాను బిగించి వైరింగంతా నేనే చేశాను. ఇంజన్ ఆపినా, వేడి తగ్గేదాకా తిరిగే ఫ్యాను అది. పూజ దానికే.

ఇంజన్ ఆపాను. పంతులుగారు కుంకుమ పళ్ళెంతో కారు ముందుకొచ్చారు. అంతలో ఫ్యాను గుయ్‌మని తిరిగింది. కుంకుమంతా ఎగిరి, ఎదురుగా నిలబడ్డ బావ తెల్లచొక్కా మీద పడింది. పూజకొచ్చిన కొత్త కార్లవాళ్ళంతా ఒకటే నవ్వు.

"ఆడోళ్ళు వైరింగ్ సేత్తే ఇలాగే ఉంటాది!" అన్నాడు బావ.

సిగ్గేసినా, వంగి గ్రిల్ ముందు చెయ్యి పెట్టి చూశాను. తప్పు దొరికింది. గాలిని లోపలికి లాగాల్సిన ఫ్యాను బయటికి ఊదుతోంది. వైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాను. కొంగు దోపుకుని, బానెట్ ఎత్తి, అందరి ముందే మార్చాను. ఈసారి హారతి పొగ తిన్నగా గ్రిల్‌లోకి పోయింది.

"నా తప్పు నానే సరిసేసుకున్నాను బావా. నీ సొక్కా నువ్వే ఉతుక్కో" అన్నాను.

ఈ వేసవిలో మిట్టమధ్యాహ్నం కూడా భీమిలి దాకా ఆగకుండా వెళ్ళొచ్చాం. అవును మరి, ఆడవాళ్ళు వైరింగ్ చేస్తే ఇలాగే ఉంటుంది!