ఐదో ప్లగ్గు

మొన్న మా మనవడితో కారులో మైలవరం వెళ్తుంటే స్టీరింగు ముందు పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. దీపం కంటే ముందే ఇంజను తడబడుతున్న సంగతి నా చెవికి తెలిసింది కానీ, ఈ కాలం బండ్ల గురించి నాకేం తెలుసులే అని ఊరుకున్నాను. గ్యారేజీ కుర్రాడు బానెట్ కూడా ఎత్తకుండా, చిన్న పెట్టె ఒకటి ఎక్కడో తగిలించి, ఫలానా సిలిండరు మండటం లేదని రెండు నిమిషాల్లో చెప్పేశాడు. మనవడికి అందులో వింతేమీ కనపడలేదు. నాకు మాత్రం అదే మాట తెలుసుకోవటానికి మైలవరానికీ ఎ.కొండూరుకీ మధ్య మండుటెండలో మేము పడ్డ హైరానా కళ్ళముందు మెదిలింది, దానితోపాటు మా అక్క ఆపా కూడా.

అది డెబ్బైల మొదట్లో సంగతి. తిరువూరు బస్టాండు వెనక మా నాన్నకి మెకానిక్ షెడ్డు ఉండేది. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత పెట్రోలు లారీ ఒకదాన్ని నాన్న కొని, విప్పి, మళ్ళీ బిగించి, రోడ్డెక్కించాడు. అప్పటికి అందరివీ డీజిలు బండ్లే, ఆరు ప్లగ్గుల ఆ ముసలి ఇంజను మా ఒక్కరికే ఉందని నాకు అదో గర్వం. మా అక్కని మేము ఆపా అనేవాళ్ళం. అమ్మ పోయాక ఆపా వంటింట్లో ఎంతసేపుండేదో షెడ్డులోనూ అంతసేపూ ఉండేది. నాన్న ఇంజను మీద చెయ్యి వేస్తే ఏ పానా అడగబోతున్నాడో ఆమెకి ముందే తెలిసేది. తర్వాత పెళ్ళయి బెజవాడ వెళ్ళిపోయింది.

నాకు లైసెన్సు వచ్చిన ఏడాది, వేసవిలో, మా వీధి షావుకారు గారింట్లో పెళ్ళి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలకి మగపెళ్ళివారికి చల్లటి షర్బతు ఇవ్వాలని ఆయన ముచ్చట. ఐసు బెజవాడ నుంచి రావాలి. నాన్న తెప్పిస్తానని మాట ఇచ్చి, లారీ తాళం నా చేతిలో పెట్టాడు. నేను ఒంటరిగా తోలబోయే మొదటి దూరప్రయాణం అది! ముందురోజు సాయంత్రం ఆరు ప్లగ్గులూ విప్పి, మసి గీకి, మళ్ళీ పెట్టాను. తెల్లవారకముందే బెజవాడ చేరి, ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు ఎక్కించి, పైన గోనెలు పరిచి, పుట్టింటికి వస్తున్న ఆపాని కేబిన్‌లో కూర్చోబెట్టుకుని, రాజాలా బయల్దేరాను. ఐసుకి కాపలాగా షావుకారు గారి బావమరిది కూడా ఉన్నాడు.

మైలవరం దాటేదాకా పాటలే. ఆ తర్వాత ఎగుడుదిగుడు రోడ్డు మీద బండి గుంజుకోవటం మొదలెట్టింది. నేనెంత తొక్కినా ముందుకు పోదు, వెనక్కి లాగినట్టు కుదుపులు. రోడ్డు పక్కన మామిడితోట నీడలోకి ఎలాగో చేర్చి, పెట్రోలులో చెత్త పడిందని తీర్మానించేసి, గొట్టం విప్పి నోటితో ఊదాను, కార్బురేటర్ కడిగాను. మళ్ళీ స్టార్ట్ చేస్తే అదే కుంటి నడక. లారీ వెనక నుంచి ఐసు నీళ్ళు ధారకట్టి మట్టిలో ఇంకిపోతున్నాయి. బావమరిది గడియారం చూసుకుంటూ చుట్టూ తిరుగుతున్నాడు.

అప్పటిదాకా కేబిన్‌లో కూర్చున్న ఆపా దిగి, కొంగు నడుముకి చుట్టి, ఇంజను మీదికి వంగింది.

"పెట్రోలు కాదురా. చెవి పెట్టి విను, ఎక్కడో గాలి కక్కుతోంది."

ఇంజను నడుస్తుండగానే, పొడిగుడ్డ మడత చేతికి చుట్టుకుని ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసింది. మొదటిది పీకితే ఇంజను ఇంకా మూలిగింది. రెండు, మూడు, నాలుగు, అన్నీ అంతే. ఐదోది పీకినా ఇంజనుకి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ వైరు కొసని ఇనుముకి దగ్గరగా పట్టుకుంటే నీలంగా నిప్పురవ్వ దూకింది. నిప్పు వస్తోంది, సిలిండరు మండటం లేదు! ఆపా తన ట్రంకుపెట్టెలోంచి సబ్బుబిళ్ళ తెప్పించి, నురగ చేసి, గుడ్డ కొసతో ఐదో ప్లగ్గు మొదట్లో రాసింది. నురగ బుడబుడమని పొంగి మా మీదికి ఉమ్మింది. నాకు ఆనందంతో కేక వచ్చింది. దొంగ దొరికాడు!

ఆ మరుక్షణమే గుర్తొచ్చింది. ఆ ప్లగ్గు వేలితో తిప్పి పెట్టిన చెయ్యి నాదే. సరిగ్గా పానా వేయబోతుండగా షావుకారు గారి మనిషి వచ్చి పిలిస్తే, ఉత్సాహంగా పరిగెత్తి, తిరిగొచ్చి ఐదోది బిగించాననుకుని ఆరోది బిగించి బానెట్ మూసేశాను. ఆ వేలి బిగువు బెజవాడ దాకా ఆగి, తిరుగుదారి కుదుపులకి వదులైపోయింది. ఆపాకి చెప్పేశాను. ఆమె తిట్టలేదు, పానా అడిగింది.

అయితే ప్లగ్గు కాలిపోతోంది, పట్టుకోవటానికి లేదు. ఇంతలో బావమరిది ఐసు నీళ్ళు బకెట్టుకి పట్టి తెచ్చాడు.

"ఇంజను మీద పోసెయ్యండమ్మా, క్షణంలో చల్లారుద్ది! అక్కడ పెళ్ళివారు దిగిపోయుంటారు!"

ఆపా ఇంజనుకి అడ్డం నిలబడింది.

"వద్దండి అన్నయ్యగారూ. కాలిన ఇనుము మీద ఐసు నీళ్ళు పడితే పగులుద్ది. అప్పుడు ఐసూ పోద్ది, ఇంజనూ పోద్ది. అరగంట ఆగండి."

"అరగంటలో ఐసేం మిగులుద్దమ్మా?"

"సగమన్నా మిగులుద్ది. ఇట్టాగే తోలితే ప్లగ్గు ఎగిరిపోద్ది, అప్పుడు ఏదీ చేరదు."

ఆయన బకెట్టు కింద పెట్టాడు. ముగ్గురం మామిడి కొమ్మలు విరిచి గోనెల మీద కప్పాం, తోటమాలిని అడిగి ఎండుగడ్డి తెచ్చి పరిచాం. అంత పొడుగు అరగంట నేను మళ్ళీ చూడలేదు. చివరికి ఆపా ప్లగ్గు పూర్తిగా విప్పి, దాని కింది రాగి వాషరు మీదా, అది కూర్చునే చోటా మసి తుడిచి, మరచుట్లు తప్పకుండా మునివేళ్ళతో నెమ్మదిగా తిప్పి, ఇక తిరగనన్నాక పానాతో కొంచెమంటే కొంచెం బిగించింది. అతిగా బిగిస్తే మర తెగుతుందని చెబుతూనే మిగతా ఐదూ సరిచూసింది. వైరు తగిలించి స్టార్ట్ చేస్తే, అబ్బ, ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో పలికాయి! ఎ.కొండూరు ఎప్పుడు దాటామో, తిరువూరు ఎప్పుడు వచ్చిందో తెలియదు. హారన్ మోగిస్తూ వీధిలోకి మళ్ళాను.

విస్తళ్ళు వేస్తున్న వేళకి చేరాం. దిమ్మలు సగానికి సగం కరిగాయి కానీ షర్బతుకి చాలాయి. బావమరిది ఐసు దింపించే హడావుడిలో ఉండగా షావుకారు గారు నా భుజం తట్టి, దారిలో చెడిన బండిని బాగుచేసుకుని తెచ్చిన మొనగాడని పదిమందిలో మెచ్చుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. లారీ దిగుతున్న ఆపా ఆ మాట విన్నది. సబ్బుబిళ్ళ కాగితంలో చుట్టుకుని ఇంటికి నడిచింది.

సాయంత్రం నాన్నకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మురిసిపోయి, తనకంటే ఆపాకే చెవి బాగుందన్నాడు. అన్నవాడే మరుసటేడు షెడ్డు నాకు అప్పగించాడు. వేరే మాటే ఎవరికీ తోచలేదు. ఆపా పండగలకి వచ్చినప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఇంజన్ల మోత వినేది, లోపలికి వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆపా లేదు. తిరువూరులో ఐసు కావాలంటే ప్రతి ఇంట్లోనూ ఉంది. బండ్ల పని నేర్చుకుంటానని ఆడపిల్ల వస్తే చేర్చుకునే చోట్లు ఉన్నాయని వింటుంటే సంతోషమే. మా రోజుల్లో లోపలికి రమ్మని ఆపాని పిలిచినవాళ్ళు లేరు. షెడ్డు తాళంచెవి నా జేబులోనే ఉండేది, నేనూ పిలవలేదు.