లోపలి గొళ్ళెం

డ్రాయింగ్ సారు పోయారు. లక్డారంలో చాయ్ తాగుతుంటే, ఒకప్పుడు నాతోపాటు జైల్లో ఉండి ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నతను బండి ఆపి చెప్పాడు.

"తాతా, మన సారు లేడు. మట్టి గుడ అయిపోయిందట."

గ్లాసు కింద పెట్టేశాను. కడసారి చూపు కూడా దక్కలేదు.

మీరు చదువుకున్నవాళ్ళు. నేను క్రషర్లలో రాయి కొట్టి బతికినవాణ్ణి, అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. సారు గురించి ఎవరో పెద్ద పెద్ద మాటలు పెట్టి రాస్తే నాకు నచ్చదు, అందుకే నేనే పూనుకున్నాను. ఏ కేసులో లోపలికి పోయావని మాత్రం అడగకండి. ఆయన ఏనాడూ అడగలేదు.

పటాన్‌చెరు బడిలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. ఆ తర్వాత అనుమతి తీసుకుని, స్కూటర్ మీద మా జైలుకు వచ్చేవారు. బ్యారక్ గడప దగ్గర చెప్పులు విడిచేవారు. నాకు నవ్వొచ్చింది.

"గిది గుడి అనుకున్నవా ఏంది సార్?"

"మీరుండేది గీడనే గద. ఒకరింట్లకు చెప్పులతోని వస్తమా?"

"సరే, బొమ్మలేస్తే శిక్ష తగ్గుతదా?"

"తగ్గది, పెద్దాయనా. ఊకె కూసుంటె గుడ తగ్గది. ఓ చెయ్యి వెయ్యి."

గోడకు సున్నం వేయించి, జాజు ఎర్రమట్టి, బొగ్గుపొడి కలిపి ఇచ్చారు. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో పనిచేసిన బీహారువాడొకడు ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. వాడు వాళ్ళ ఊరికి పోయే రైలు గీస్తూ గీస్తూ గోడకు తల ఆనించి ఏడ్చాడు. మేము ఊరుకోబెట్టబోతే సారు ఆపారు. "ఏడ్వనియ్యుండ్రి. ఇన్ని దినాలకు ఒక మాట మాట్లాడుతున్నడు."

నన్ను మా ఇంటి తలుపు వేయమన్నారు. బయటినుంచి కాదు, ఇంట్లో కూర్చుంటే ఎట్లా కనిపిస్తుందో అట్లా. నేను ఏ పనైనా గట్టిగా చేసేవాణ్ణి. నిలువెత్తు తలుపు గీశాను. చెక్కలు, మేకులు, గడప, పైన పగిలిన దర్వాజ చట్రం, అన్నీ పెట్టి ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. సారు దగ్గరికి వచ్చి చూశారు.

"గొళ్ళెం ఏది?"

చూసుకున్నాను. లేదు. లోపలివైపు గొళ్ళెం పెట్టడమే మరిచిపోయాను.

"లోపల కూసున్నోనివి, తలుపెట్ల తీస్తవు?"

"ఎవలన్న వచ్చి తీస్తరు గద" అన్నాను, ఆలోచించకుండా.

అంతమందిలో ఒక్కడూ నవ్వలేదు. మా బ్యారక్ తలుపుకు గడియ బయటే ఉంటుంది. పొద్దున వచ్చి తీస్తారు, సాయంత్రం వచ్చి వేస్తారు. నా ఇంటి తలుపును కూడా నేను అట్లాగే చేసేశాను. కోపంతో కుంచె విసిరికొట్టాను. సారు దాన్ని ఏరి, కడిగి, మళ్ళీ నా చేతిలో పెట్టారు.

"నీ తలుపు. నువ్వే పెట్టాలె."

బొగ్గునలుపుతో గొళ్ళెం వేశాను.

విడుదలై ఇంటికి వచ్చాక కూడా మూసిన తలుపు కనబడితే దాని ముందు నిలబడిపోయేవాణ్ణి. కోడలు లోపలినుంచి అరిచేది. "మామా, దగ్గరికేసే ఉన్నది, నూకు!" నూకడానికి చెయ్యి లేచేది కాదు.

ఒకసారి సారు మా ఇంటికి వచ్చారు. బ్యారక్ గోడ మీద నా గొళ్ళెం అరిగిపోతున్నదని చెప్పారు. పోయేవాడూ వచ్చేవాడూ దాని మీద చెయ్యి వేస్తున్నారట. ఇన్నాళ్ళూ ఆయనే దిద్దారట, ఇప్పుడు చేతులు ఆడడం లేదట.

"నన్ను మళ్ల లోపలికి పిలుస్తున్నవా సార్? నా పీనుగు గుడ ఆ గేటు దాటది."

"పిలుస్తలేను. అరిగిందని చెప్తున్న." చాయ్ తాగి వెళ్ళిపోయారు. అదే ఆఖరు.

ఇప్పుడు ఆయన లేరు. ఆ గొళ్ళెం దిద్దేవాడు లేడు. ఆటో అతనితో జైలు అధికారులను అడిగించాను, సరేనన్నారు. మొన్న వెళ్ళాను. నా వెనకాల గేటుకు తాళం పడిన చప్పుడుకు ఆగిపోయాను. వెనక్కి పోదామంటే గేటు నా చేతిలో లేదు. ముందుకే నడిచాను. బ్యారక్ గడప దగ్గర చెప్పులు విడిచాను.

తలుపు జాజు ఇంకా ఎర్రగానే ఉంది. గొళ్ళెం ఉన్నచోట మాత్రం అరచేతంత మేర తెల్లబడింది. నలుపు కలిపి మెల్లగా దిద్దాను. కొత్తగా వచ్చినవాడొకడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"తాతా, గది తెరుసుకుంటదా?"

"గోడ తెరుసుకుంటదా, పిచ్చోడా? ఆరేదాక ముట్టకు."

బయటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డాను, వాళ్ళు తీసేదాకా. వెనక్కి తిరిగి చూస్తే, కటకటాల్లోంచి ఆ కొత్తవాడి చెయ్యి బయటికి చాచి ఉంది. అరచేతి నిండా తడి నలుపు. తుడుచుకోవడం లేదు.