చౌరస్తాలో నా బొమ్మ

నా చిన్నప్పుడు, అంటే భిలాయి ఉక్కు ప్లాంటు పొగగొట్టాలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, సెక్టర్ 4 చౌరస్తాలో పన్నెండడుగుల ఎత్తున నా బొమ్మ ఉండేది. దాన్ని చూడడానికి జనం రైళ్లెక్కి వచ్చి పక్కనున్న దుర్గ్‌లో దిగేవారని మా మనవలకు చెబుతుంటాను. జనం దిగిన మాట నిజమే. ప్లాంటులో ఉద్యోగాల కోసం దిగేవారు. బొమ్మ కూడా ఆరో ఏడో అడుగులు ఉండేదేమో, అంతే.

వేసినాయన క్యాంప్ 2లో మా పక్కింటి పెయింటర్ మావయ్య. విజయనగరం వైపు మనిషి. కార్మికులను జాగ్రత్తగా ఉండమని చెప్పే బోర్డుల మీద బొమ్మలు వేయడం ఆయన ఉద్యోగం. ఒకరోజు వచ్చి మా అమ్మతో, "అప్పా, నీ గుంటణ్ణి మూడు రోజులు నాకియ్యి. డూటీకెల్లే తండ్రినీ, గుమ్మంలో నిలబడ్డ పిల్లణ్ణీ ఎయ్యాల" అన్నాడు.

అమ్మ నా మొహానికి పౌడరు దట్టించింది. మూడు సాయంత్రాలు వీధి వైపు చూస్తూ, నవ్వు చెదరకుండా మా గుమ్మంలో నిలబడ్డాను. మావయ్య మాత్రం ఇంట్లో, నా వెనకాల పీట మీద కూర్చునేవాడు. రంగులు కలుపుకుంటున్నాడు కాబోలు, అవి కలిశాక ముందుకొస్తాడనుకున్నాను. రాలేదు. నాకు అనుమానం రావలసింది. పౌడరు మత్తులో అదీ రాలేదు.

ఈలోగా బడంతా చాటింపు వేశాను. నా పక్క బెంచీలో కూర్చునే హిందీ కుర్రాడు ఒక్కడే నమ్మలేదు. బోర్డు మీద నా మొహం లేకపోతే ఇక ఆ బడిలో కబుర్లు చెప్పనని అందరి ముందూ ఒట్టేశాను. చదువులో సున్నా, ఆటల్లో సున్నా. నన్ను నలుగురిలో నిలబెట్టేవి ఆ కబుర్లే.

బోర్డు నిలబెట్టారు. దూరంగా, చిన్నగా, సైకిలు మీద వెళ్తున్న తండ్రి. ముందర గుమ్మంలో, పెద్దగా, పిల్లవాడు. పిల్లవాడి వీపు! చొక్కా, మెడ, రెండు చెవులు. మొహం జాడ లేదు.

"అరే వాహ్, పీఠ్ వాలా హీరో!" అని వీపు మీద ఒక్కటి చరిచాడు పక్క బెంచీవాడు. వీపు హీరో అన్నమాట. బడంతా అదే పేరు పట్టుకుంది.

నేను పెద్ద మనసుతో మావయ్యను క్షమించానని రాద్దామనుకున్నాను. లేదు. ఆదివారం గుప్పెడు బురద పట్టుకుని బోర్డు దగ్గరకు వెళ్లాను. నా ఖర్మ కొద్దీ ఆయన అక్కడే నిచ్చెన మీద నిలబడి అక్షరాలు దిద్దుతున్నాడు.

"ఏటిరా, హోళీ ఇంకా రాలేదు కదా?"

నాకు ఏడుపొచ్చింది. "నా మొగం ఏదీ మావయ్యా?"

ఆయన దిగి, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ప్లాంటు గేటుకు తీసుకెళ్లాడు. ఆ వారం నాన్నది మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు. వందల సైకిళ్లు గేటులోకి పోతున్నాయి. అందరివీ ఖాకీ చొక్కాలే, అందరూ మాకు వెనక్కి తిరిగి ఉన్నవాళ్లే.

"మీ బాబేడిరా?"

ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా పట్టలేదు. "అదిగో!" అని అరిచాను. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, మోకాళ్లు ఎడంగా పెట్టి తొక్కుతాడు, మెడ మీద తువ్వాలు ఎప్పుడూ ఒక పక్కకే వేలాడుతుంది.

"మొగం కనబడిందేటి?"

"లేదు."

"మరెలా పోల్చేవు?"

 ఆయన నన్ను సైకిలెక్కించుకుని మళ్లీ బోర్డు దగ్గర దింపి నిచ్చెనెక్కేశాడు. అప్పుడు చూశాను. ఆ పిల్లవాడు మునివేళ్ల మీద లేచి, గుమ్మం పట్టుకుని, మెడ సాగదీసి ఉన్నాడు. తండ్రి మలుపు తిరిగిపోకుండా ఆపాలన్నంత ఆత్రం ఆ రెండు భుజాల్లో ఉంది. నేను ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను కానీ, ఆయన వేసింది రోజూ నాన్నను సాగనంపే నన్ను. చేతిలో బురద ఎప్పుడు రాలిపోయిందో తెలియదు.

మర్నాడు బడి వదిలాక పక్క బెంచీవాణ్ణి గేటు దగ్గరకు లాక్కెళ్లి, సాయంత్రం అయిదింటి షిఫ్టు దిగి పోతున్న వీపుల్లో వాళ్ల నాన్నను వెతకమన్నాను. కనిపెట్టి, వాడు నా కాళ్ల మీద పడ్డాడు. పడలేదు లెండి. "బాబూజీ!" అని కేకేసి వెంట పరుగెత్తాడు. హీరో అనడం మాత్రం మానలేదు. నా ఒట్టు గట్టున పెట్టి నేనూ కబుర్లు మానలేదు.

తరువాత మావయ్య బోర్డులన్నీ సైకిలేసుకుని వెతికి వెతికి చూశాను. హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్న చేతులు, అలసిపోయి వంగిన నడుములు. ఆయనకు మొహాలు వేయడం రాదని గిట్టనివాళ్లు అనేవారు. అయి ఉండవచ్చు. పెద్దయ్యాక ఎన్నో చిత్రశాలలు తిరిగాను. ఎంత గొప్ప చిత్రంలోనైనా ముందు అటు తిరిగిన మనిషి కోసమే వెతుకుతాను.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన మొహం గుర్తు చేసుకోవాలంటే ఇప్పుడు ఫొటో తీసి చూసుకోవాలి. సైకిలు మీద వెళ్తున్న ఆ వీపుకు మాత్రం ఏ ఫొటో అక్కర్లేదు. కళ్లు మూసుకుంటే చాలు, వందల మందిలోనూ పోల్చుకుంటాను.