ఖాళీ బండి ఎత్తు

ఆ రోజుల్లో నా జేబులో ఎప్పుడూ ఒక ఉక్కు టేపు ఉండేది. దువ్వెన మరిచిపోయి బయటికి వెళ్లానేమో గానీ, టేపు లేకుండా గడప దాటిన రోజు లేదు. (జుట్టు అప్పటికే పలచబడుతోంది, దువ్వెన లేకపోయినా పెద్ద నష్టం లేదు.) డిప్లొమా చేతికి వచ్చి, సర్కారు ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్లో కుదురుకుని ఏడాది కాలేదు. బల్ల కనిపిస్తే బల్ల, తలుపు కనిపిస్తే తలుపు కొలిచేవాణ్ణి. పెళ్లిచూపులకని తీసుకెళితే పిల్లను చూడకుండా వాళ్ల గుమ్మం కొలిచానని మా అమ్మ ఉన్నన్నాళ్లూ చెప్పుకుని నవ్వేది. కొలిచి చెప్పిన మాటను ఎవరూ కాదనలేరని ఆ వయసులో ఒక నమ్మకం. ఆ నమ్మకం వల్ల మా మామకు ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా. నవ్వుతూనే మొదలుపెడుతున్నాను గానీ, నలభై ఏళ్లు దాటినా ఆ ఆదివారం గుర్తొస్తే నాకు సిగ్గుగానే ఉంటుంది.

మా ఫ్యాక్టరీ పెద్దసారు విదేశానికి ట్రైనింగుకు వెళ్లి వచ్చారు. అక్కడ సెలవు రోజున జనం సన్నటి పడవలూ సైకిళ్లూ బండి మీద కట్టుకుని చెరువుల వెంట తిరుగుతారట. ఆయనకది బాగా పట్టేసింది. ఆ చలికాలం ఆటల పోటీల్లో తాడు లాగుడూ కుర్చీలాటా పక్కన పెట్టించి, శామీర్‌పేట చెరువు దగ్గర పడవ-సైకిల్ పందెం అని నోటీసు అంటించారు. సెక్షనుకు ఇద్దరు. కొంత దూరం పడవ మీద పోయి వచ్చి, ఆ తరువాత కట్ట మీద సైకిల్ తొక్కాలి. పడవ మాత్రం ఎవరిది వాళ్లే తయారు చేసుకోవాలి. వెల్డింగ్ షాపు వాళ్లు రేకులు తీశారు, కార్పెంటరీ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రాయింగ్ సెక్షన్లో మాకు చేతనైంది ఒక్కటే, పడవ బొమ్మ గీయడం. గీశాం. చాలా బాగా వచ్చింది. ఆ కాగితం చుట్టుకుని ధూల్‌పేట్‌లో ఉండే మామ దగ్గరికి పరుగెత్తాను.

మామ అంటే మా అమ్మకు అన్న. వినాయక విగ్రహాలు చేసేవాడు. నా డ్రాయింగును అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేంది అల్లుడా, కాకరకాయ గీసుకొచ్చినవ్?" అన్నాడు. పడవ అని చెబితే నవ్వలేదు. కాగితం మీద పడవ గీత వెంట వేలు పోనిచ్చాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. నా చేతులతోని జేసినవన్నీ నీళ్లల్ల మునిగెటందుకే పోయినయి. ఒక్కటన్న తేలంగ జూడాలె" అన్నాడు. నేను సరదాకి అన్నాడనుకున్నాను. కాదని రెండు నెలల్లో తెలిసింది. వెదురు బద్దలు వంచి చట్రం కట్టాడు, దాని మీద కాన్వాసు గుడ్డ బిగించి చింతగింజల గంజి పూశాడు, అది ఆరాక మూడు సార్లు ఆయిల్ పెయింటు కొట్టాడు. మనిషికంటే రెండింతలు పొడుగు పడవను ఇద్దరం చెరో చేత్తో లేపేవాళ్లం. చివరన ముక్కుకు అటూ ఇటూ రెండు పెద్ద కళ్లు దిద్దాడు. పడవకు కళ్లెందుకు మామా అంటే, "కండ్లు పెట్టకుండ నా కొట్టంల కెల్లి ఏదీ బయటికి పోదు" అన్నాడు. నేను ఎప్పుడు వెళ్లినా ఒకటే ప్రశ్న: "శామీర్‌పేటకు నన్ను గూడ తోల్కపోతవు గద?" సందులో ప్రతి ఇంటికీ చెప్పేశాడు, మా పడవ తేలే రోజు ఫలానా ఆదివారం అని.

ఇక పడవనూ రెండు సైకిళ్లనూ చెరువు దాకా చేర్చడం ఎట్లా? బేగంబజార్‌లో బియ్యం బస్తాలు తోలే పికప్ బండి ఒకటి ఆదివారం దొరికింది. దాన్ని నడిపే ఆయన్ను అందరూ డ్రైవర్ భాయ్ అనేవారు. భాయ్ చెప్పిన పద్ధతి చాలా సులువు: బండిలో గడ్డి పరిచి, పడవను ఏటవాలుగా పడుకోబెట్టి, వెనక తోకకు ఎర్ర గుడ్డ కట్టడం. మామ చెప్పిన పద్ధతి ఇంకా సులువు: వినాయకుణ్ణి కట్టినట్టే అడ్డంగా రెండు బొంగులు వేసి, గోనెపట్టాలు చుట్టి, కొబ్బరి తాడుతో బిగించడం. రెండూ తేలికైనవి, రెండూ ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నవి. అందుకే నాకు రెండూ నచ్చలేదు. ఇనుప యాంగిళ్లతో రెండంతస్తుల స్టాండు గీశాను. కింద సైకిళ్లు నిలబడతాయి, పైన పడవ పడుకుంటుంది, దానికి దెబ్బ తగలకుండా పాత ట్యూబు రబ్బరు. ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, కింద డ్రాయింగ్ నంబరు. పెద్దసారు చూసి "వెరీ గుడ్" అన్నారు. ఆ రెండు మాటల తరువాత నాకు మరొకరి మాట చెవికెక్కలేదు.

చిక్కల్లా ఒక్కటే. మామ కొట్టం ఉన్న సందు మొదట్లో పాతకాలపు రాతి కమాను ఉండేది. ఏ నవాబుగారి దేవిడీకో, అంటే మహలుకో, గుమ్మమై ఉంటుంది. దేవిడీ ఎప్పుడో పోయింది, గుమ్మం మిగిలింది. మామ చేసే వినాయకులందరూ ఆ కమాను ఎత్తుకు లోబడే పుట్టేవారు. అందుకని నా స్టాండు ఎత్తు కూడా చూసుకోవాలి. ముందు కమాను కొలిచాను. తరువాత బండిని కొలవడానికి ఒక పొద్దున బేగంబజార్ వెళ్లాను. బండి అప్పుడే నిండా బస్తాలతో వచ్చి దుకాణం ముందు ఆగింది. నాకు డ్యూటీకి టైమవుతోంది. టేపు తీశాను. భాయ్ దగ్గరికి వచ్చి, "సాబ్, జర ఆగుండ్రి. మాల్ దిగనీ. ఖాలీ అయితే గాడీ లేస్తది" అన్నాడు. "లేసుడేంది భాయ్, ఇప్పుడు పండుకున్నదా?" అన్నాను నేను. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. వాళ్లు నా జోకుకే నవ్వారనుకుని నేనూ నవ్వాను. కొలతలు రాసుకున్నాను. అన్నీ కలిపితే కమానుకూ పడవకూ మధ్య రెండున్నర అంగుళాల సందు మిగిలింది.

ఆదివారం పొద్దున స్టాండు బిగించిన బండి ఎక్కడా తగలకుండా సందులోకి వచ్చింది. నా ఛాతీ కొంచెం పెరిగింది. మా సెక్షన్లో నాతో పందెంలో దిగుతున్న బక్కన్న సైకిళ్లు కట్టాడు, పైన పడవను బోర్లించాం. (కమాను దాటాక రోడ్డు మీద ఎక్కించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. భాయ్ కూడా అదే అడిగాడు. కానీ నా స్టాండు మీద పడవ పోతుంటే సందంతా చూడాలి కదా!) మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కొబ్బరికాయ కొట్టాడు. తరువాత కొట్టంలోకి పోయి ఒక వెదురు గడ పట్టుకొచ్చాడు. అది సరిగ్గా కమాను ఎత్తుకు కోసిన గడ. విగ్రహం బండికెక్కాక పక్కన ఆ గడ నిలబెట్టి చూసుకోకుండా మామ ఏ వినాయకుణ్ణీ పంపేవాడు కాదు. "టేపు ఉండంగ కట్టె ఎందుకు మామా?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, "గంతేనా, సరే" అని గడను గోడకు ఆనించాడు. చదువుకున్న అల్లుడు కదా.

కమాను కింద బండి ముందు భాగం దాటింది. పైన గీరిన చప్పుడు. భాయ్ బ్రేకు వేసి తల బయటికి పెట్టి, "సాబ్, తగుల్తున్నది" అన్నాడు. "రెండున్నర అంగుళాలున్నది భాయ్, పోనీ" అన్నాను. "సాబ్, నక్కో…" అని వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "నేను కొలిచిన గద, పోనీ!" అని బండిని అరచేత్తో కొట్టాను. ఆయన పోనిచ్చాడు. తరువాత విన్న చప్పుడు పెద్దదేమీ కాదు. ఎండిన కట్టెలు మోకాలి మీద పెట్టి విరిచినట్టు వరసగా నాలుగైదు సార్లు వినిపించింది, అంతే. బండి అటు పోదు, ఇటు రాదు. అప్పుడు భాయ్ దిగి సందులో వాళ్లను పిలిచాడు. "అందరు ఎక్కుండ్రి, జల్దీ!" అన్నాడు. పాలాయన ఎక్కాడు, రొట్టెల దుకాణమాయన ఎక్కాడు, పసిపిల్లలను చంకనేసుకుని ఆడవాళ్లు కూడా ఎక్కారు. ఇరవై మంది దాకా ఎక్కి సైకిళ్ల మధ్య ఇరుక్కుని నిలబడేసరికి, బరువుకు స్ప్రింగులు అణిగి బండి మెల్లగా కిందికి దిగింది. కమానుకూ పడవకూ మధ్య వెలుతురు కనిపించింది. నేను టేపు తీయలేదు గానీ, తీసి ఉంటే రెండున్నర అంగుళాలు ఉండేదేమో. బండి హాయిగా బయటికి వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు.

పడవ నడుం విరిగింది. కాన్వాసు నిలువునా చీలింది. కళ్లకు మాత్రం ఏమీ కాలేదు. మామ చీలిక మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "ఎట్లయింది అల్లుడా?" అన్నాడు. అందరూ నావైపే చూస్తున్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "భాయ్ జర తొందరపడ్డడు మామా." భాయ్ తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. అయ్యో పాపం అన్నట్టు చూశాడు. మామవైపు తిరిగి, "హౌ బాపూ, నాదే గల్తీ. జరంత ఉరికించిన" అన్నాడు. మామ కమాను వంక చూశాడు, ఇరవై మంది దిగాక మళ్లీ లేచి నిలబడ్డ బండి వంక చూశాడు, గోడకున్న గడ వంక చూశాడు. "గట్లనా" అన్నాడు. లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా విప్పి బనీనుతో బయటికి వచ్చాడు. నేనూ బక్కన్నా సైకిళ్లతో శామీర్‌పేట వెళ్లి, పడవ లేనందుకు పోటీలోంచి తీసేస్తే, పులిహోర తిని వచ్చాం. ఆ పులిహోర ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుండటం నా మీద నాకే కోపం తెప్పిస్తుంది.

పడవను బాగు చేద్దామని మామ అనలేదు, నేనూ అడగలేదు. మళ్లీ విగ్రహాల పని మొదలయ్యాక ఒకరోజు వెళితే పడవ కనిపించలేదు. "బొంగులు మంచిగున్నయి అల్లుడా, ఊకే ఎందుకు పారేసుడు" అని ఒక పెద్ద వినాయకుణ్ణి చూపించాడు. లోపల నడుం నుంచి భుజం దాకా మా పడవ బద్దలే. ఆ ఏడు నిమజ్జనానికి నన్ను వెంట తీసుకెళ్లాడు. మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ కట్ట మీద నిలబడ్డాం. ఆ వినాయకుడు మెల్లగా నీళ్లలోకి దిగాడు. మామ దండం పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. మా వెంట వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. చాలాసేపటికి, మట్టి కరిగి, నీళ్లలోంచి వంపు తిరిగిన వెదురు చట్రం ఒకటి పైకి వచ్చి, అటూ ఇటూ ఊగుతూ తేలింది. మామ నా మోచేతి మీద చెయ్యి వేశాడు. "జూసినవా, తేలింది" అని నవ్వాడు. ఆ తరువాత నావైపు చూడకుండా, "బరువు దిగితే ఏదైన లేస్తది, అల్లుడా" అన్నాడు.

భాయ్ నాతో అన్న మాటే అది, కొంచెం మార్చి. తనకు తెలుసని మామ చెప్పాడు, ఒప్పుకోవడానికి నాకు దారి కూడా చూపించాడు. తప్పు నాదే మామా అని మూడు మాటలు అంటే సరిపోయేది. నేను, "ఎండ మస్తుగున్నది, పోదాం మామా" అన్నాను. ఇద్దరం ఇంటికి వచ్చాం. తరువాత కొన్నేళ్లకు మామ పోయాడు. భాయ్ బండి చేతులు మారింది, ఆయన ఎటు వెళ్లాడో బేగంబజార్‌లో ఎవరికీ తెలియలేదు. తెలిసే దాకా వెతికానని కూడా చెప్పలేను.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఆదివారాలు కార్ల మీద సైకిళ్లు కట్టుకుంటూ ఉంటారు. నేను కర్ర ఊతంగా పట్టుకుని దగ్గరికి వెళ్లి, "బాబూ, ఎత్తు కొలిచేటప్పుడు బండి ఖాళీగా ఉందా, మనుషులున్నారా?" అని అడుగుతాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఖాళీగానే కొలిచాం అంకుల్" అని ఓపికగా చెబుతారు. నేను వెనక్కి తిరగ్గానే నవ్వుకుంటారు, నాకు వినిపిస్తుంది. నాకూ నవ్వొస్తుంది. చెప్పవలసిన ఇద్దరికీ చెప్పకుండా, అడగని వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను.